చక్రాల ఇంట్లో ఆరు రాత్రులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వారు అమెరికా దేశం చూసి వుంటే 'ఇల్లు తోలి చూడు' అని మూడో మాట కూడా తప్పకుండా చేర్చేవారు. ఆ దేశంలో ఇల్లు తోలడమన్నది హాస్యానికి అనే మాట కాదు. వంటిల్లు, పడకలు, స్నానాలగది, చలికి వేడిగాలి యంత్రం, పాలూ పెరుగులకు ఫ్రిజ్ అన్నీ అమర్చిన ఇంటికి ఇంజను బిగించి రోడ్డు మీదికి వదులుతారు. దానిని మోటారు హోమ్ అంటారు. వాడుకలో 'ఆర్‌వీ' అని రెండక్షరాలతో సరిపెడతారు. బడులకు వేసవి సెలవులిచ్చారంటే చాలు, ఆ దేశపు పెద్ద రోడ్లన్నీ ఈ ఇళ్ళతో కళకళలాడిపోతాయి.

2025 ఆగస్టులో మా అబ్బాయి అలాంటి ఇల్లొకటి ఆరు రాత్రులకు అద్దెకు తీసుకున్నాడు. వాడు డెన్వరులో వుద్యోగం చేస్తున్నాడు. నేనూ, మా ఆవిడా తెనాలినుంచి వెళ్ళి మూడు నెలలు వాడి దగ్గర వున్నాము. అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనవడు, ఏడేళ్ళ మనవరాలు, మేమిద్దరం, వెరసి ఆరుగురం. ఎల్లోస్టోన్ చూడాలన్నది పిల్లల పట్టుదల. హోటలు గదిలో పప్పన్నం వండుకోవడానికి వీలుండదన్నది మా ఆవిడ అభ్యంతరం. రెండింటికీ సరిపోయేటట్లు ఈ చక్రాల ఇల్లు దొరికింది.

ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల గురించి, అక్కడి అడవిదున్నల గురించి చదవని వారుండరు. నేను చెప్పబోయేది వేరు. పగలు చూసిన వింతలన్నీ ఫోటోలలో వుంటాయి. రాత్రి ఆ ఇంట్లో క్షేమంగా పడుకుని, తెల్లవారి క్షేమంగా లేవడం ఎలాగన్నది ఏ ఫోటోలోను వుండదు. ఇటీవల అక్కడి మన తెలుగు కుటుంబాలు తల్లిదండ్రులను, పసిపిల్లలను వెంటబెట్టుకుని ఈ బండ్లలో బయలుదేరుతున్నాయి. కనుక ఆ సంగతే చెప్పుకోవడం మంచిదనిపించింది.

నిజానికి దారిలో ఇల్లు కట్టుకుని పోవడం మనవాళ్ళకు బొత్తిగా కొత్తకాదు. తిరుపతికీ, శ్రీశైలానికీ గూడుబండ్లు కట్టుకుని వెళ్ళిన కథలు మా నాయనమ్మ చెబుతూ వుండేది. చీకటి పడకముందే మజిలీ చేరాలి. నాలుగు బండ్లు కలిసి దిగాలి. ఎద్దులను విప్పాక కాడి కింద ఊతకర్ర, చక్రం వెనక రాయి పెట్టాలి. వాగు ఒడ్డున దిగరాదు. అంతకు ముందు తరంలో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి పెద్ద పరివారంతో, డేరాలతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తిరగవేస్తే, దిగిన ప్రతి మజిలీలోను నీటివసతి ఎలాంటిది, నీడ వున్నదా, అంగళ్ళున్నాయా అన్న వివరాలే వరసగా కనిపిస్తాయి. దాదాపు రెండువందల ఏళ్ళ తరువాత మోటారు హోమ్ తోలేవాడు వేసుకోవలసిన ప్రశ్నలు కూడా ఇంచుమించు అవే.

గాలి చెప్పే మాట

బండి అప్పగించే చోట ఒక కుర్రవాడు గంటసేపు మాకు పాఠం చెప్పాడు. ఇరవై అయిదడుగుల బండి. ఎత్తు పదకొండడుగుల పైమాట. ఆ ఎత్తును అంకెలతో రాసి డ్రైవరు కళ్ళెదుట అంటించి వుంచారు. కారు తోలిన అలవాటున తక్కువ ఎత్తు వంతెనల కింద, పెట్రోలు బంకుల పందిళ్ళ కింద దూరిపోయి ఇంటికప్పు చీల్చుకునేవారు ఎందరో వున్నారట. పెట్రోలు పోయించుకునే ముందు వంటగ్యాసు కట్టివేయాలనీ, బండి నడుస్తుండగా వెనక ఎవరూ తిరగరాదనీ, అందరూ బెల్టులు పెట్టుకుని కూర్చోవాలనీ చెప్పాడు. ఇంట్లో వున్నామన్న భ్రమ కలుగుతుంది గాని, అది రోడ్డుమీద పరుగెత్తే వాహనమే. పొయ్యిమీద పాలగిన్నె పెట్టి బండి కదిలించడానికి వీల్లేదు.

డెన్వరునుంచి ఉత్తరంగా షయన్ చేరి, అక్కడ పడమటికి తిరిగి లారమీ మీదుగా రాలిన్స్ వెళ్ళాము. సుమారు రెండువందల ఏభై మైళ్ళు. లారమీ దాటాక వయోమింగ్ రాష్ట్రపు గాలి అంటే ఏమిటో తెలిసింది. చెట్టూ చేమా లేని ఆ మైదానంలో ఎల్క్ మౌంటెన్ అనే కొండ దగ్గర గాలి రోడ్డుకు అడ్డంగా కొడుతుంది. ఎత్తుగా, తేలికగా వుండే వాహనాలు ఆ గాలికి పక్కకు తిరగబడిపోతాయి. అందుకే గాలి హెచ్చినప్పుడు అలాంటి బండ్లు పోరాదని రోడ్డు మీద దీపాల అక్షరాలతో ఆజ్ఞలు వేస్తారు. మా ఇల్లు కూడా ఆ జాతిదే. అబ్బాయి వేగం తగ్గించి, రెండు చేతులతో చక్రం బిగించి పట్టుకున్నాడు.

"ఆగుదామా నాన్నా? పొద్దుపోకముందు రాలిన్స్ చేరాలనుకున్నాం" అన్నాడు.

"రేపు పొద్దున్న కూడా రాలిన్స్ అక్కడే వుంటుంది" అన్నది వెనకనుంచి వాళ్ళమ్మ.

లారీలు ఆగే ఒక విశాలమైన చోట రెండు గంటలు ఆగాము. సాయంత్రానికి గాలి సద్దుమణిగింది. ఈ బండి ప్రయాణంలో మొదటి నీతి ఇదే: గదులు ముందుగా కుదుర్చుకున్నాము గదా అని గడియారం వెంట పరుగెత్తకూడదు. ఇల్లు మనవెంటే వుంది. ఆగినచోటే అన్నం వుంది.

దిగిన చోటు

రాలిన్స్ ఊరి చివర ఒక ప్రైవేటు శిబిరంలో మొదటి రాత్రి. ఇంకా వెలుతురుండగానే చేరాము. వెలుతురులో దిగితే నేల కనపడుతుంది, తలపైన చెట్టుకొమ్మలు కనపడతాయి, పక్కవాళ్ళెవరో తెలుస్తుంది. ఎండుకొమ్మ వేలాడుతున్న చెట్టుకింద బండి నిలపరాదని అక్కడి యజమానే చెప్పాడు. అలాంటి కొమ్మలు గాలిలేని రాత్రి కూడా విరిగి పడతాయట.

బండి నిలిపాక మా మనవడి వుద్యోగం మొదలు. వాడి చేతిలో చిన్న రసమట్టం. మన తాపీమేస్త్రీలు వాడేదే. దానిని నేలమీద పెట్టి బుడగ ఎటు పోతున్నదో కేకవేస్తాడు. పల్లంగా వున్న చక్రాల కింద అబ్బాయి ప్లాస్టిక్ దిమ్మలు పెట్టి బండిని వాటి మీదికి ఎక్కిస్తాడు. నేల సమంగా లేకపోతే పడుకున్నవాళ్ళు ఒక పక్కకు దొర్లడమే కాదు, గ్యాసుతో నడిచే మాలాంటి ఫ్రిజ్ సరిగా చల్లబడదు, చివరికి పాడైపోతుంది కూడా. సమం చేశాక చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు. మా నాయనమ్మ చెప్పిన రాయే, రంగు మాత్రం పసుపు.

తరువాత కరెంటు. శిబిరంలో ప్రతి స్థలం దగ్గరా ఒక స్తంభం, దానికి ప్లగ్గులు. ముందు స్తంభంమీది మీట ఆపి, తీగ తగిలించి, ఆ తరువాతనే మీట వేయాలి. మధ్యలో ఒక చిన్న రక్షకయంత్రం బిగిస్తారు. స్తంభంలో తీగలు తారుమారుగా వున్నా, కరెంటు హెచ్చుతగ్గులైనా అది పట్టుకుని సరఫరా ఆపివేస్తుంది. వర్షంలో తడుస్తూ, తడిచేతులతో ఈ పనికి దిగరాదని వేరే చెప్పనక్కరలేదు.

నీళ్ళ సంగతి ఇంకొకటుంది. మంచినీటికి తెల్లగొట్టం, మురుగుకు వేరే గొట్టం. ఒకటి ఇంకొక దానిని తాకరాదు. మురుగు ట్యాంకు ఖాళీచేసే పనికి చేతితొడుగులు వేసుకుని అబ్బాయి వెళుతుంటే మా ఆవిడ తలుపు దగ్గర సబ్బుతో కాపలా. మడీ తడీ అని ఆవిడను ఇంతకాలం వేళాకోళం చేసిన మా కోడలు, "అత్తయ్యగారి మడి ఇక్కడ బాగా పనికొచ్చింది" అని ఒప్పుకున్నది.

ఇక దొంగల భయం. చుట్టూ సంసారులుండే శిబిరంలో ఆ భయం తక్కువే. అయినా పద్ధతి పద్ధతే. బండి ముక్కు బయటికి పోయే దారివైపు వుండాలి. తాళంచెవి రాత్రి ఒకేచోట, అందరికీ తెలిసిన కొక్కేనికి. బయట వేసిన కుర్చీలు, పందిరిగుడ్డ పడుకోబోయే ముందే లోపలికి. అర్ధరాత్రి తలుపు తడితే తెరవరాదు, కిటికీలోనుంచి మాట్లాడాలి. ఏమాత్రం అనుమానం కలిగినా బయట కాలు పెట్టకుండానే డ్రైవరు సీటులోకి వెళ్ళి బండి తోలుకుపోవచ్చు. డేరాకు లేని వసతి ఈ ఇంటికి వున్నది. మా కోడలు మరొక నియమం పెట్టింది. ప్రతి రాత్రీ శిబిరం పేరు, మా స్థలం నంబరు పిల్లలచేత కంఠస్థం చేయించింది. ఆపదలో 911కు ఫోను చేస్తే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న 'మీరెక్కడున్నారు?' అనే గదా.

నాలుగు కూతలు

రెండోరాత్రి టెటన్ పర్వతాలకు ఇవతల, ప్రభుత్వం వారి అడవి శిబిరంలో దిగాము. దేవదారు చెట్లు, పక్కన సెలయేరు, నెత్తిన నక్షత్రాలు. కరెంటు స్తంభాలు లేవు. ఫోను పలకదు. ఆగస్టు నెలయినా అంత ఎత్తున రాత్రి చలి గడ్డకట్టించేటంత వుంది.

ఇక్కడ ఒక విషవాయువు సంగతి చెప్పాలి. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. పెట్రోలుగాని, గ్యాసుగాని, బొగ్గుగాని సరిగా మండనప్పుడు పుడుతుంది. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థానికి ప్రాణవాయువు కంటే ఇదంటే రెండువందల రెట్లకు పైగా మక్కువ. అందుచేత అది ప్రాణవాయువు స్థానం ఆక్రమించేస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం కలుగుతాయి. మెలకువగా వున్నవాడికి ఈ గుర్తులైనా తెలుస్తాయి. నిద్రలో వున్నవాడు ఆ నిద్రలోనే వుండిపోతాడు. కొండప్రాంతంలో ఇంకొక చిక్కు. ఎత్తువల్ల కలిగే తలనొప్పి కూడా సరిగ్గా ఇలాగే వుంటుంది.

అందుకే ప్రతి మోటారు హోములోను దీనిని పసిగట్టే యంత్రం ఒకటి వుంటుంది. పొగను పట్టేది మరొకటి కప్పుకు; వంటగ్యాసును పట్టేది నేలకు దగ్గరగా. ఈ వంటగ్యాసు గాలికంటే బరువు గనుక కిందనే పేరుకుంటుంది. బండి అప్పగించిన కుర్రవాడు ఒక్కొక్క మీటా నొక్కి వాటి కూతలు మాకు వినిపించాడు. పొగకు మూడు కూతలు, విరామం. విషవాయువుకు నాలుగు కూతలు, విరామం. మేమంతా తల వూపాము. మా ఆవిడ మాత్రం 'మూడు పొగ, నాలుగు విషం' అని రెండుసార్లు పైకి అనుకున్నది.

ఆ రాత్రి రెండుగంటలవేళ కూత వినిపించింది. నాకు కలలో ఏదో పిట్ట కూసినట్లనిపించింది. మా ఆవిడ అప్పటికే లేచి కూర్చుని లెక్కపెడుతున్నది.

"నాలుగు! ఒరేయ్, నాలుగురా! లేవండి, అందరూ లేవండి!"

అబ్బాయి ఒక్కదూకులో పైపడక మీదనుంచి దిగి తలుపు తెరిచాడు. కోడలు మనవరాలిని దుప్పటితో సహా ఎత్తుకున్నది. బూట్లు, స్వెట్టర్లు వెతుక్కునే ప్రసక్తి లేదు. చలిలో, చీకటిలో ముప్ఫై అడుగుల దూరం పోయి నిలబడి తలలు లెక్క పెట్టుకున్నాము. ఆరుగురం. మనవరాలు తలనొప్పిగా వుందని ఏడుపు మొదలుపెట్టింది. ఆ క్షణంలో మా కోడలి ముఖం నేను ఎప్పటికీ మరువలేను.

కారణం వెదకడానికి ఎంతోసేపు పట్టలేదు. మా పొయ్యి ఆర్పివుంది. మా జనరేటర్ ఆ సాయంకాలం అసలు వేయనేలేదు. పక్క స్థలంలోని బండినుంచి గుర్రుమని చప్పుడు వస్తున్నది. ఆ బండిలో ఒక ముసలి దంపతులు. భర్తకు నిద్రలో ఊపిరి ఆడక యంత్రం పెట్టుకుంటాడట. ఆ యంత్రం కోసం జనరేటర్ నడుస్తూనే వుంది. దాని పొగగొట్టం మా పడకవైపున్న కిటికీకి సూటిగా వుంది. గాలి లేని రాత్రి గనుక ఆ పొగ ఎటూ పోక మా ఇంట్లోకే చేరింది.

శిబిరం పర్యవేక్షకురాలు లాంతరు పట్టుకుని వచ్చింది. ఆమె దగ్గర రేడియో వున్నది. వైద్య సహాయకులను పిలిపించింది. వాళ్ళు వచ్చి పిల్లలిద్దరినీ పరీక్షించి, భయం లేదనీ, ఇంకాసేపు చల్లగాలిలో వుంచమనీ చెప్పారు. తెల్లవారేసరికి మనవరాలి తలనొప్పి తగ్గి, ఆకలని మారాం చేసింది. అంతకంటే తియ్యని మారాం నేను వినలేదు.

ఆ ముసలాయన చేతులు వణుకుతూ వచ్చి మాముందు నిలబడ్డాడు. మాటలు రాలేదు. అబ్బాయికి కోపం వచ్చిందనే అనుకున్నాను. వాడు లోపలికి పోయి, తన కంప్యూటరు కోసం తెచ్చుకున్న పెద్ద బ్యాటరీ తీసుకువచ్చి ఆయన చేతికిచ్చాడు. "ఈ రాత్రికి మీ యంత్రం దీనిమీద నడుస్తుంది. జనరేటర్ ఆపండి" అన్నాడు. ఆయన భార్య మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఒకరి ఊపిరి కోసం వేసిన యంత్రం ఆరుగురి ఊపిరి మీదికి వచ్చింది. ఎవరిని తిట్టి ఏం లాభం?

అప్పటినుంచి బండి నిలిపే ముందు మేము రెండుపక్కలా వున్న బండ్ల పొగగొట్టాలు ఎటున్నాయో చూశాము. పడుకునేముందు ఆ యంత్రం మీట నొక్కి కూత విన్నాము. చలికి తాళలేక వంటపొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టుకునేవారు వుంటారు. అది ప్రాణానికే ముప్పు. వంట చేసేటప్పుడు కూడా పైనున్న గాలిబిలం తెరిచి వుండాలి. బొగ్గుల కుంపటి లోపలికి రానే రాకూడదు.

ఎలుగుబంటి ఇంట్లో

ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడింది. ప్రపంచంలో మొదటి జాతీయ వనం అదేనంటారు. ఎక్కువభాగం వయోమింగులోను, అంచులు మోంటానా, ఐడహో రాష్ట్రాలలోను వున్నాయి. వనంలో బండి ఆపుకుని రాత్రి పడుకోవాలంటే నిర్ణయించిన శిబిరాలలోనే పడుకోవాలి. రోడ్డుపక్క ఖాళీస్థలమున్నది గదా అని నిలిపితే కుదరదు. మేము రెండు రాత్రులు ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట దిగాము. వనంలో కరెంటు, నీరు, మురుగుగొట్టం మూడూ వున్న శిబిరం అదొక్కటే. ఎల్లోస్టోన్ నది సరస్సులోనుంచి బయటపడే చోట వుంది. పేరుకు చేపల వంతెనే గాని, ఆ వంతెనమీదనుంచి చేపలు పట్టడం 1973లోనే నిషేధించారు.

ఆ శిబిరంలో గట్టిగోడల బండ్లకే ప్రవేశం. డేరాలకు, గుడ్డగోడల బండ్లకు చోటులేదు. కారణం గ్రిజ్లీ ఎలుగుబంట్లు. ఆ ప్రాంతం వాటి తిరుగాటస్థలం. మనమే అక్కడ చుట్టాలం.

ఒకప్పుడు ఎల్లోస్టోనులో ఎలుగుబంట్లకు చెత్తకుప్పలే విందుభోజనాలు. హోటళ్ళ ఎంగిలి మెతుకులు గుట్టలుగా పోస్తే, అవి వచ్చి తింటుంటే, జనం బెంచీలమీద కూర్చుని చూసేవారు. కార్లు ఆపి చేతులతో తినిపించేవారు. ఫలితం? ఆ దశాబ్దాలలో ఏడాదికి సగటున నలభైమందికి పైగా గాయపడేవారు. 1959 నుంచి జాన్, ఫ్రాంక్ క్రెయిగ్‌హెడ్ అనే అన్నదమ్ములు ఈ ఎలుగుబంట్లను పరిశోధించారు. ఆఖరి చెత్తగుంటను 1970లో మూసేశారు. అప్పటినుంచి నియమం ఒకటే: మనిషి తిండి ఎలుగు నోటికి అందకూడదు. ఒక్కసారి రుచిమరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది. చివరికి దానిని చంపవలసి వస్తుంది.

కనుక భోజనమవగానే బల్లమీద ఒక్క మెతుకు లేకుండా తుడవాలి. గిన్నెలు, పొయ్యి, చెత్త, ఆఖరికి పళ్ళపొడి, సబ్బు కూడా బండిలోకో, ఇనుపపెట్టెలోకో చేర్చాలి. మా ఆవిడ పెట్టిన ఇంగువపోపు వాసన సరస్సు ఆవలిఒడ్డుకు కూడా చేరివుంటుందని మనవడి అనుమానం. ఆ పూటనుంచి పోపు పగలే, కిటికీలు మూసి. ఎలుగుబంటికీ, తోడేలుకూ నూరుగజాల దూరంలో వుండాలి. అడవిదున్నకు, దుప్పికి పాతికగజాల దూరంలో. అడవిదున్న మందంగా కనిపిస్తుంది గాని మనిషికంటే చాలా వేగంగా పరుగెత్తుతుంది. ఒకనాటి ఉదయం తలుపు తెరిచేసరికి ముందటి బండి దగ్గర ఒకటి నిలబడి గడ్డి మేస్తున్నది. తలుపు మళ్ళీ మూసుకుని అరగంట కాఫీ తాగుతూ కూర్చున్నాము. దానికి తొందర లేదు, మాకూ లేదు.

కొండ కదిలిన చోటు

అయిదోరాత్రి వెస్ట్ ఎల్లోస్టోన్ అనే వూళ్ళో గడిపి, మర్నాడు పొద్దున మాడిసన్ నది లోయలోకి వెళ్ళాము. అక్కడొక సరస్సు. నీళ్ళలోనుంచి చచ్చిన చెట్ల మోడులు పైకి లేచి వున్నాయి. ఎదుట కొండ ఒక పక్క తెగ్గోసినట్లు బోడిగా వుంది.

1959 ఆగస్టు 17వ తేదీ రాత్రి 11 గంటల 37 నిమిషాలకు ఇక్కడ పెద్ద భూకంపం వచ్చింది. వేసవి సెలవులు గనుక లోయ అంతటా డేరాలు, కారుకు తగిలించే చక్రాల ఇళ్ళు. అందరూ నిద్రలో వున్నారు. సుమారు 8 కోట్ల టన్నుల రాయి, మన్ను కొండ పైనుంచి కూలి లోయకు అడ్డం పడింది. రాక్ క్రీక్ అనే శిబిరం దగ్గర దిగిన వాళ్ళు దానికింద పడిపోయారు. ఆ భూకంపంలో మొత్తం 28 మంది చనిపోయారు. వారిలో చాలామంది దేహాలు ఇప్పటికీ ఆ రాళ్ళ కిందనే వున్నాయి. నది ఆగిపోయి సరస్సు అయింది. రోడ్లు తెగి మిగిలినవారు లోయలో చిక్కుకుపోయి, ఒక మిట్టమీద గుమిగూడి, ఒకరి గాయాలకు ఒకరు కట్లు కట్టుకుంటూ ఆ రాత్రి గడిపారు. మర్నాడు విమానాలనుంచి గొడుగులతో మనుషులు దిగి సాయం చేశారు.

అలాంటి రాత్రికి ఏ జాగ్రత్త సరిపోతుంది? ఏదీ సరిపోదు. అయితే కొండ కూలడం నూరేళ్ళకొకసారి. నది పొంగడం అలాకాదు. 1976 జూలై 31న కొలరాడోలోని బిగ్ థాంప్సన్ లోయలో, ఆ రాష్ట్రం ఏర్పడి నూరేళ్ళయిన పండుగ సెలవుల్లో, కొద్దిగంటలలో పన్నెండంగుళాల వాన కురిసి నూటనలభైమందికి పైగా కొట్టుకుపోయారు. 2010 జూన్ 11 తెల్లవారుజామున ఆర్కెన్సా రాష్ట్రంలో ఆల్బర్ట్ పైక్ శిబిరంలో నదిపొంగి 20 మంది చనిపోయారు. మేము బయలుదేరడానికి సరిగ్గా నెలముందు, 2025 జూలై 4 తెల్లవారుజామున, టెక్సాసులో గ్వాడలూప్ నది గంటలోపలే ఇరవై అడుగులకు పైగా లేచింది. ఒడ్డున నిలిపివున్న మోటారు హోములు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. ఆ వరదలలో మొత్తం నూటముప్ఫైమందికి పైగా మరణించారు.

ఈ వరదలు ఎక్కువగా రాత్రివేళనే మనుషులను పట్టుకున్నాయి. నదిగలగల వింటూ పడుకోవాలన్న మోజుతో అందరూ ఒడ్డుస్థలాలే కోరతారు. అద్దెకూడా వాటికే ఎక్కువ. ఆ గలగల హోరుగా మారితే నిద్రలో వున్నవాడికి తెలియదు. నీళ్ళు నాలుగడుగులు లేచాయంటే ఎంత పెద్ద ఇల్లయినా పడవలాగా తేలిపోతుంది.

డెన్వరు తిరిగివచ్చాక ఒక ఆదివారం ఆ బిగ్ థాంప్సన్ లోయగుండా కారులో వెళ్ళాము. దారి పొడుగునా బోర్డులున్నాయి: వరదవస్తే కొండమీదికి ఎక్కండి అని. 1976లో కారులో పరుగెత్తి తప్పించుకోబోయిన వారిలో ఎందరో పోయారు. కారు వదిలి కొండ ఎక్కినవారు బ్రతికారు. దివిసీమ పక్కవాళ్ళం మాకు ఆ బోర్డు అర్థం వివరించనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో నీటితో పందెం వేసినవాడు ఎవడూ గెలవలేదు. ఎత్తు దొరికినవాడే మిగిలాడు.

ఆరోరాత్రి మాటకు వస్తే, దారిలో ఒక వూళ్ళో పెద్ద దుకాణం ముందు ఖాళీలో పడుకున్నాము. కొన్ని దుకాణాలవారు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ప్రతిచోటా మేనేజరును అడగవలసిందే. అబ్బాయి వెళ్ళి అడిగివచ్చాడు. దీపస్తంభం కింద నిలిపి, కుర్చీలు, పందిరిగుడ్డ బయట వేయకుండా, పొద్దున్నే లేచి, ఆ దుకాణంలోనే పాలూ బ్రెడ్డూ కొనుక్కుని కదిలాము. రోడ్డుపక్క విశ్రాంతిస్థలాల సంగతి కూడా ఇంతే. ఒక రాష్ట్రంలో రాత్రి వుండనిస్తారు, పక్క రాష్ట్రంలో వుండనివ్వరు. బోర్డు చదివి పడుకోవడం మంచిది.

సుడిగాలుల ప్రాంతాలకు వెళ్ళేవారు మాత్రం ఒక్కసంగతి జ్ఞాపకం వుంచుకోవాలి. సుడిగాలి హెచ్చరిక వచ్చినప్పుడు ఈ ఇల్లు ఇల్లు కాదు. అప్పుడు దానిని వదిలి, శిబిరంలో గట్టి కట్టడం ఏదివుంటే అందులోకి పోవాలి. చాలాచోట్ల అది స్నానాల కొట్టే. ఫోను పలకనిచోట వాతావరణ హెచ్చరికలు వినిపించే చిన్న రేడియో ఒకటి దగ్గరుండాలి.

మా అబ్బాయి స్నేహితుడొకడు, హైదరాబాదునుంచి వచ్చిన తల్లిదండ్రులను గ్రాండ్ కాన్యన్ తీసుకువెళ్ళడానికి ఇలాంటి బండే కుదుర్చుకున్నాడు. ఏం తీసుకెళ్ళాలి ఆంటీ అని మా ఆవిడకు ఫోను చేశాడు. పచ్చళ్ళ జాబితా చెబుతుందనుకున్నాను. ఆవిడ ఇలా చెప్పింది: "పొద్దుండగానే దిగు నాయనా. ఏటి ఒడ్డున వద్దు, ఎండుకొమ్మ కింద వద్దు. పక్కబండి పొగ ఎటు పోతుందో చూడు. పడుకునే ముందు మీటలు మూడూ నొక్కి కూతలు విను. మూడైతే పొగ, నాలుగైతే విషం. మీ అమ్మచేత రెండుసార్లు అనిపించు. మీకెవరికీ మెలకువ రాకపోయినా ఆవిడకు వస్తుంది."